తలుపు పక్కన రెండు కుర్చీలు

పోయిన వారం తాళాల గుత్తి అప్పగించేశాను. అందులో అయిదు తాళంచెవులు ఉంటాయి. హాలు ముందు తలుపుకి ఒకటి, వెనక తలుపుకి ఒకటి, కామన్ రూముకి ఒకటి, స్పీకర్లు పెట్టే బీరువాకి ఒకటి. అయిదోది దేనిదో నాకు గుత్తి ఇచ్చిన అక్కకీ తెలియదు. ఏడాదిలో కనిపించిన ప్రతి తాళంలోనూ దాన్ని పెట్టి చూశాను, ఒక్కటీ తెరుచుకోలేదు. అలాగే నా తర్వాత వచ్చిన అబ్బాయి చేతిలో పెట్టి, సంగతి చెప్పాను.

యూనివర్సిటీ ఆవరణలోనే ఉండే చిన్న కాలేజీ మాది. చదువు, హాస్టల్, గ్రంథాలయం అన్నీ ఒకే ప్రహరీ లోపల. విద్యార్థులం ఆరు వందల లోపు. ప్రతి ఏడూ మాలోంచి ఒకరిని కళలు, సామాజిక కార్యక్రమాల కార్యదర్శిగా ఎన్నుకుంటారు. అంత పొడుగు పేరు ఎవరూ పిలవరు, కల్చరల్ సెక్రటరీ అంటారు. గణితం రెండో ఏడాదిలో ఉండగా నేను ఆ పదవికి నిలబడి గెలిచాను. ఓట్లు అడగడానికి వెళ్లినప్పుడు అందరికీ ఒక్కటే చెప్పాను: ఈసారి వార్షిక ప్రదర్శన ఇదివరకెప్పుడూ చూడనంత గొప్పగా ఉంటుందని. నిజంగానే అదే నా ఆశ. కళలంటే వేదిక, సామాజికం అంటే వేదిక ముందు కూర్చునే జనం. ఆ రోజున నా మనసులో ఉన్న లెక్క అంతే.

నాకు లెక్కలు రాసుకునే అలవాటు. ప్రతి కార్యక్రమానికీ ఎంతమంది వచ్చారు, ఎన్నింటికి మొదలైంది, ఏది పాడైంది అని ఒక నోటుబుక్కులో రాసుకున్నాను. ఏడాది మొదట్లో వేసుకున్న పట్టికలో 26 కార్యక్రమాలున్నాయి. జరిగినవి 17. ఈ రాత నోటుబుక్కు ముందు పెట్టుకునే రాస్తున్నాను.

మొదటి పేజీలో 180 అనే అంకె ఉంది. దాని కింద రెండు గీతలున్నాయి, సంతోషంతో గీసినవి. కాలేజీ తెరిచాక మొదటి శనివారం, కొత్తవాళ్ల పరిచయ సాయంత్రం. హాల్లో కుర్చీలు తీసేసి, వేదికకి రెండు పక్కలా పెద్ద స్పీకర్లు పెట్టించాం. జనం బాగా వచ్చారు. గంట గడిచేసరికి నాకు వినిపిస్తున్నది పాట కాదు, 180 మంది అరుపులు. పాట పెరిగిన కొద్దీ గొంతులు పెరిగాయి, గొంతులు పెరిగిన కొద్దీ స్పీకర్ల దగ్గరున్న అబ్బాయి పాట పెంచాడు. చుట్టూ రొద ఉంటే మనిషి తనకు తెలియకుండానే గొంతు పెంచుతాడని ఎటియెన్ లోంబార్డ్ అనే ఫ్రెంచి వైద్యుడు వందేళ్ల కిందటే గమనించాడట. ఆయన పేరుతోనే దాన్ని లోంబార్డ్ ప్రభావం అంటారు. ఇది నాకు తెలిసింది తర్వాత చాలా నెలలకి. ఆ రాత్రికి తెలిసిందల్లా ఒకమ్మాయి నా చెవి దగ్గరకొచ్చి తన పేరు చెప్పడం, అది నాకు వినబడకపోవడం. మళ్లీ చెప్పింది. మళ్లీ వినబడలేదు. మూడోసారి అడగడానికి మొహమాటపడి, విన్నట్టు తలూపాను. నాకు వినబడలేదని ఆమెకి అర్థమైందనే అనుకుంటాను. ఆమె కూడా తలూపి జనంలోకి వెళ్లిపోయింది. ఆ తర్వాత వరండాల్లో ఎదురుపడినప్పుడల్లా పేరు తెలియకుండానే నవ్వేదాన్ని. ఆమె గురించి మళ్లీ చెప్తాను.

పరిచయాల కోసం పెట్టిన సాయంత్రంలో ఒక్క పేరు వినలేకపోయానన్న బాధ వారమంతా వదల్లేదు. గురువారం రాత్రులు మొదలైంది ఆ బాధలోంచే. కామన్ రూములో ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర దాకా, ఎవరైనా వచ్చి అయిదు నిమిషాల లోపు ఏదైనా చెప్పొచ్చు, పాడొచ్చు, చదవొచ్చు. మైకు లేదు. ఫోన్లలో రికార్డు చేయకూడదు. ఒకరు చెప్తున్నప్పుడు మిగతావాళ్లు లేచి తిరగకూడదు. రికార్డింగు వద్దన్నందుకు కమిటీలో పెద్ద వాదనే జరిగింది. వీడియోలు లేకపోతే ఇలాంటిదొకటి జరుగుతోందని బయటివాళ్లకి ఎలా తెలుస్తుందని ఒకరు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. కానీ కెమెరా ఉన్న గదిలో మొదటిసారి నోరు తెరవడం ఎంత కష్టమో నాకు తెలుసు. పట్టుబట్టాను.

మొదటి వారం 7 మంది. అందులో నలుగురం కమిటీవాళ్లమే. రెండో వారం 11. మూడో వారం 9. నాలుగో వారం బయట వాన, మర్నాడు రెండు విభాగాలకి పరీక్ష. నలుగురం కూర్చున్నాం. ఎనిమిదీ ఇరవైకి ఒక మొదటి ఏడాది అబ్బాయి భుజాన సంచీతో తలుపు దగ్గర నిలబడ్డాడు. లోపలికి రమ్మన్నాం. ‘ఊరికే చూద్దామని వచ్చానక్కా’ అని అక్కడే ఉండిపోయాడు. చెప్పేవాళ్లు అయిపోయాక ఎవరూ లేవలేదు, బయట వాన తగ్గలేదు కాబట్టి. అప్పుడు ఆ అబ్బాయి సంచీలోంచి ఒక కాగితం తీసి, చదవనా అని అడిగాడు. భూగర్భశాస్త్రం చదువుతున్నాడు. కాగితంలో ఉన్నది కవిత కాదు. సెలవుల్లో తను ఏరిన రాళ్ల పట్టిక. ఒక్కో రాయి ఎక్కడ దొరికింది, దొరికినప్పుడు అరచేతిలో ఎంత చల్లగా ఉంది, విరిగిన చోట ఎలా మెరిసింది, అప్పుడు పక్కన ఎవరున్నారు, దాన్ని చూసి ఏమన్నారు. పద్నాలుగు రాళ్లు. అయిదు నిమిషాలు దాటిపోయింది, ఎవరూ గడియారం చూడలేదు. పదకొండో రాయి గురించి చదువుతూ ‘ఇది మా తాతయ్య చూసిన చివరిది’ అని, ఆగకుండా పన్నెండోదానికి వెళ్లిపోయాడు.

ఆ రాత్రి నోటుబుక్కులో 4 అని రాసి, కొట్టేసి, 5 అని రాశాను. ఏడాది మొత్తంలో నాకు బాగా గుర్తున్న కార్యక్రమం అదే. 180 అంకె కింద గీసిన గీతలు కొట్టేయలేదు గానీ, ఈ 5 కింద ఏ గీతా గీయక్కర్లేదనిపించింది.

గురువారాలతోనే పియానో సంగతీ బయటపడింది. కామన్ రూములో మూలన గుడ్డ కప్పి ఉన్న పాత పియానో ఒకటి ఉంది. ఎవరో ఎప్పుడో ఇచ్చింది. వేణువు వాయించే మూడో ఏడాది అక్క ఒకామె, పియానో తెలిసిన ఒక అబ్బాయి కలిసి ఒక చిన్న ముక్క వాయిద్దామనుకున్నారు. మొదటి స్వరానికే ఇద్దరూ ఆగిపోయారు. ఒక్కొక్కరూ విడిగా వాయిస్తే బాగానే ఉంది. కలిస్తే పళ్లు పులిసినట్టుంది. పియానో మొత్తంగా శ్రుతి దిగిపోయి ఉంది, ఏళ్ల తరబడి ఎవరూ సవరించక.

శ్రుతి చేసే పెద్దాయన వచ్చి చూసినప్పుడు నేను పక్కనే కూర్చున్నాను. ఆ రెండు గంటలు నాకొక పాఠం. పియానోలో 88 మెట్లున్నా తీగలు 230 దాకా ఉంటాయని, చాలా మెట్లకి మూడేసి తీగలని ఆయన చూపించారు. ఆ తీగలన్నింటి బిగువు కలిపితే పదిహేను టన్నులకి పైమాటేనట. అంత బరువుని లోపలున్న ఇనుప చట్రం మోస్తుంటుంది. 1939లో లండన్‌లో జరిగిన అంతర్జాతీయ సమావేశం సెకనుకి 440 కంపనాలున్న స్వరాన్ని అందరికీ ప్రమాణంగా సూచించింది, ఆ అక్క వేణువు దానికి సరిపోయేలా చేసినది. మా పియానోలో అదే మెట్టు 430కి దగ్గర్లో పలుకుతోంది. ఒక్కసారిగా బిగిస్తే పాత తీగలు తెగొచ్చు, బిగించినవీ నిలవవు అన్నారాయన. ఇవాళ కొంచెం ఎక్కించి, మూడు వారాలు వాడుకోనిచ్చి, మళ్లీ వచ్చి మిగతాది ఎక్కిస్తానన్నారు. అలాగే చేశారు. రెండోసారి వచ్చి వెళ్లాక ఆ ఇద్దరూ వాయించారు. వేణువు అక్క మొదటి స్వరం ఊది, కళ్లు మూసుకుని, పియానో వచ్చి కలిసేదాకా అలా పట్టుకునే ఉంది. ఆ రోజు 23 మంది ఉన్నాం.

చిత్రప్రదర్శన గురించి ఒక్క సంగతే చెప్తాను. చిత్రం మధ్యభాగం నేల నుంచి 145 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలని గ్యాలరీల్లో పాటించే కొలత ఒకటుంది. నిలబడి చూసే మనిషి కంటి ఎత్తుని బట్టి పెట్టుకున్నది. మేమూ టేపు పట్టుకుని 32 చిత్రాలూ అలాగే తగిలించాం. చక్రాల కుర్చీలో తిరిగే నా సహాధ్యాయిని ముందురోజు సాయంత్రం వచ్చి చూసి, ‘అద్దం ఉన్న వాటిల్లో నాకు దీపమే కనిపిస్తోంది, బొమ్మ కనిపించట్లేదు’ అంది. ఆమె కుర్చీ ఎత్తులో నేను కూర్చుని చూశాను. నిజమే, ప్రతి అద్దంలోనూ పైనున్న బల్బు మెరుస్తోంది. రాత్రి పదకొండు దాకా ఉండి అన్నింటినీ 125కి దించాం, దీపాల మొహాలు కొంచెం పక్కకి తిప్పాం. నిలబడి చూసేవాళ్లు ఒకరిద్దరు కిందికి ఉన్నాయన్నారు. కొంచెం వంగి చూశారు, అంతే.

సినిమా ప్రదర్శనలు రెండే వేయగలిగాం. డిస్కు కొనుక్కున్నంత మాత్రాన హాల్లో నలుగురికి చూపించే హక్కు రాదని, దానికి వేరే అనుమతి తీసుకోవాలని నాకు తెలియదు. తెలిశాక మిగతా నాలుగూ పట్టికలోంచి తీసేశాను. అనుమతులు దొరికిన రెండింటికి ఆ ఖర్చు పెట్టాం. జరగని తొమ్మిదింటిలో నాలుగు ఇవే.

చర్చాపోటీ మాత్రం వివరంగా చెప్పాలి. ఏటా జరిగే చర్చాపోటీలో ముగ్గురు న్యాయనిర్ణేతలు, మార్కులు, కప్పు. వినడానికి వచ్చేది మాట్లాడేవాళ్ల స్నేహితులు. ఈసారి కప్పు తీసేశాం. 1823లో మొదలైన ఆక్స్‌ఫర్డ్ యూనియన్‌లో చర్చ అయ్యాక సభ్యులు అవునన్నవాళ్లు తలుపుకి కుడి పక్క నుంచి, కాదన్నవాళ్లు ఎడమ పక్క నుంచి బయటికి నడుస్తారని, అలా నడిచినవాళ్లని లెక్కపెట్టడమే ఓటని చదివాను. 1933 ఫిబ్రవరి 9న అక్కడ ‘రాజు కోసం, దేశం కోసం ఎట్టి పరిస్థితుల్లోనూ యుద్ధం చేయం’ అనే తీర్మానం 275కి 153 ఓట్లతో నెగ్గింది. దేశమంతా దుమారం రేగింది. ఆ అంకెలు చదువుతున్నప్పుడు నా మనసు తీర్మానం మీద కంటే ఆ తలుపు మీదికి పోయింది. ఏం నమ్ముతున్నావో దాని వైపు నలుగురి కళ్లెదుటా నీ కాళ్లతో నడవాలి. మా హాలుకైతే రెండు తలుపులున్నాయి, రెండు తాళంచెవులూ నా దగ్గరే ఉన్నాయి.

మేం పెట్టిన తీర్మానం: మార్కులు నోటీసు బోర్డు మీద పేర్లతో పెట్టకూడదు. ఇద్దరు అటు, ఇద్దరు ఇటు మాట్లాడారు, తర్వాత కూర్చున్నవాళ్లలోంచి ఎవరైనా రెండేసి నిమిషాలు. పెట్టకూడదన్న వైపు ఒకమ్మాయి, తన పేరు పక్కన ఉన్న అంకెని రెండేళ్ల తర్వాత కూడా ఒక సీనియర్ గుర్తుపెట్టుకుని పలకరించాడని చెప్పింది. పెట్టాలన్న వైపు ఒకతను, బోర్డు లేని చోట మార్కులు మారిపోయిన అన్యాయం తన ఇంట్లోనే జరిగిందని చెప్పాడు. ఇద్దరి మాటల్లోనూ నిజం ఉంది. చివర్లో 61 మంది ముందు తలుపులోంచి వెళ్లారు, 58 మంది వెనక తలుపులోంచి. ముగ్గురు లేవలేదు. అందులో మా విభాగం మేడమ్ ఒకరు. దగ్గరికెళ్లి అడిగితే, ‘నాకింకా తేలలేదమ్మా, తేలకుండా లేవలేను’ అన్నారు. నోటుబుక్కులో మూడో అంకె కూడా రాశాను.

అనుకోనిది ఆ తర్వాత జరిగింది. రెండు తలుపులూ తెరుచుకునేది ఒకే వరండాలోకి, చెరో చివర. చెరో వైపు నుంచి బయటికొచ్చిన జనం మధ్యలో ఎదురుపడ్డారు. లోపల ఆగిన వాదన అక్కడ మళ్లీ మొదలైంది. ఎవరు ఎటు నడిచారో అందరూ చూశారు కాబట్టి ఎవరితో వాదించాలో అందరికీ తెలుసు. రాత్రి పదిన్నరకి దీపాలు తీసేయాలి. నేను స్విచ్చు దగ్గర పది నిమిషాలు ఊరికే నిలబడ్డాను. మొదటి శనివారం స్పీకర్లతో రాని పరిచయాలు ఆ వరండాలో జరిగాయి. అక్కడ పాట లేదు, రొద ఉంది, కానీ ప్రతి మాటా ఎదుటివాళ్ల కోసం అన్నది.

ఇక నాటకం.

వార్షిక ప్రదర్శన కోసం తెలిసిన నాటకమేదో వేయాలని నా మొదటి ఆలోచన. రసాయనశాస్త్రం చదివే అమ్మాయి ఒకామె గురువారం రాత్రుల్లో మూడు వారాలపాటు ఒక సన్నివేశం ముక్కలు ముక్కలుగా చదివింది: పోగొట్టుకున్న వస్తువులు భద్రపరిచే గది, అక్కడి ఉద్యోగి, తమ వస్తువు కోసం వచ్చేవాళ్లు. ఒకామె గొడుగు కోసం వచ్చి, అక్కడున్న గొడుగులన్నీ తనవి కావని చెప్తూ గంట కూర్చుంటుంది. మూడో వారం అయ్యాక మిగతాది ఏదని అడిగాం. రాస్తానంది. అలా మా ఏడాది నాటకం మా కామన్ రూములో పుట్టింది. తొమ్మిది పాత్రలు, డెబ్బై నిమిషాలు.

హాల్లో మొదటి రిహార్సల్‌కే తల పట్టుకున్నాం. కామన్ రూములో గుండెకి తగిలిన మాటలు హాల్లో ముద్దగా వినిపిస్తున్నాయి. ఎత్తైన కప్పు, నున్నటి గోడలు, గచ్చు నేల, చెక్క కుర్చీలు. ఒక మాట గోడ తగిలి తిరిగి వచ్చేలోపు రెండో మాట దాని మీద పడుతోంది. మైకులు పెడదామన్నారు కొందరు. పెట్టి చూశాం. ముద్ద పెద్దదైంది, అంతే.

అప్పుడు భౌతికశాస్త్రం పీహెచ్‌డీ చేస్తున్న అన్న ఒకాయన, ఒక సాయంత్రం రిహార్సల్ చూస్తూ వాలెస్ సేబిన్ కథ చెప్పాడు. 1895లో హార్వర్డ్‌లో ఫాగ్ ఆర్ట్ మ్యూజియం కొత్తగా కట్టారు. దాని ఉపన్యాస మందిరంలో ఒక్క మాట కూడా స్పష్టంగా వినబడేది కాదు. పలికిన మాట అయిదున్నర సెకన్లు గదిలో తిరుగుతూ ఉండేది. దాన్ని బాగుచేయమని సేబిన్‌కి అప్పగించారు. ఆయనకప్పుడు ఇరవై ఏడేళ్లు. ఊరు సద్దుమణిగాక, రాత్రిపూట, ఒక ఆర్గన్ గొట్టం, ఒక స్టాప్‌వాచీ పట్టుకుని వేల కొలతలు తీశాడు. దగ్గర్లోని శాండర్స్ థియేటర్ నుంచి కుర్చీల మెత్తలు మోయించుకొచ్చి, కొన్ని పరిచి కొలిచి, ఇంకొన్ని పరిచి కొలిచి, తెల్లారేలోపు మళ్లీ వాటి చోటికి చేర్చేవాడు. గది ఎంత పెద్దది, అందులో శబ్దాన్ని పీల్చుకునేది ఎంత ఉంది అన్న రెండింటి మీదే మోత ఎంతసేపు నిలుస్తుందన్నది ఆధారపడుతుందని తేల్చాడు. 1900లో తెరిచిన బోస్టన్ సింఫనీ హాల్‌ని ఆ లెక్కతోనే కట్టారు. అన్న చివర్లో చెప్పిన ముక్క మాత్రం నేను మర్చిపోలేను. ఒక మనిషి శరీరం దరిదాపు ఆరు మెత్తలంత శబ్దాన్ని పీల్చుకుంటుందని కూడా సేబిన్ కొలిచాడట.

ఆ రాత్రే హాలు పొడవు, వెడల్పు, ఎత్తు కొలిచాను. 1,800 ఘనపు మీటర్లు. బుడగ పగలగొట్టి ఫోన్లో కొలిస్తే మోత 2.9 సెకన్లు. మాట స్పష్టంగా వినబడాలంటే ఒక సెకను చుట్టుపక్కల ఉండాలి. సేబిన్ సూత్రం చాలా చిన్నది: ఘనపరిమాణాన్ని 0.161తో గుణించి, పీల్చుకునే దానితో భాగించాలి. వెనక్కి లెక్క కడితే మా హాల్లో పీల్చుకునేది 100 యూనిట్లు మాత్రమే. ఎంత కావాలో తెలిసింది. ఎక్కణ్ణుంచి తేవాలి?

హాస్టల్‌లో ప్రతి గదికీ వెళ్లి అడిగాం. వాడకుండా పడున్న దుప్పట్లు, పరుపులు, కిటికీ తెరలు, ఎవరో సంవత్సరాల కిందట వదిలి వెళ్లిన కంబళ్లు. నాటకంతో ఏ సంబంధమూ లేనివాళ్లు మంచం మీద దుప్పటి తీసి ఇచ్చారు. ఒకతను ‘ఆ రోజు నేను ఎలాగూ దీని మీద పడుకోను, నాటకం చూడ్డానికొస్తాను కదా’ అని పరుపే భుజాన వేసుకుని తీసుకొచ్చాడు. వెనక గోడ మొత్తం కంబళ్లు వేలాడదీశాం, పరుపులు వేదిక పక్కల నిలబెట్టాం. అగ్నిప్రమాదం గురించి కాలేజీ రక్షణ సిబ్బంది వచ్చి చూసి, దీపాలకి రెండు మీటర్ల దూరం, రెండు తలుపులకీ దారి ఖాళీగా ఉండాలన్నారు. అలాగే సర్దాం. మళ్లీ బుడగ పగలగొట్టాం. 2.1. ఇంకా చాలదు.

‘మిగతాది జనమే తేవాలి’ అన్నాడు అన్న. లెక్క వేసి చూశాను. 240 మంది వస్తే మోత 1.2కి దిగుతుంది. నా వార్షిక ప్రదర్శన ఎంత గొప్పగా ఉంటుందో ఓట్లప్పుడు చెప్పినదంతా గుర్తొచ్చింది. వచ్చి కూర్చున్నవాళ్లు చూసేవాళ్లు మాత్రమే అనుకున్నాను అప్పట్లో. వాళ్లు రాకపోతే వేదిక మీద మాటే పలకదని కాగితం మీద అంకెల్లో కనిపించింది.

ప్రదర్శన రోజు పొద్దున గది ఉద్యోగి పాత్ర వేసే అబ్బాయికి గొంతు పోయింది. నాటకమంతా అతని మీదే నడుస్తుంది. గుసగుసగా చెప్పొచ్చా అని అడిగితే డాక్టరు అదీ వద్దన్నారు, గొంతుకి అది ఇంకా శ్రమట. మధ్యాహ్నం దాకా ఎవరికీ దారి తోచలేదు. వాయిదా వేద్దామన్నాన్నేను. నాటకం రాసిన అమ్మాయి ఒప్పుకోలేదు. రిహార్సల్స్ అన్నింటికీ ప్రాంప్టర్‌గా, అంటే నటులు మర్చిపోయిన మాట తెర వెనక నుంచి అందిస్తూ కూర్చున్న రెండో ఏడాది అమ్మాయి అప్పుడు ఒక మాటంది: ‘తను నటించనీ, మాటలు నేను చదువుతాను. తను ఎక్కడ ఊపిరి తీసుకుంటాడో నాకు తెలుసు.’

వేదిక ఎడమ పక్కన ఒక స్టాండు, ఒక చిన్న దీపం, నాటకం ప్రతి పట్టుకుని ఆ అమ్మాయి. మధ్యలో నోరు మెదపకుండా ఆ అబ్బాయి. తెర తీయక ముందు నేను ముందుకొచ్చి జరిగింది దాచకుండా చెప్పాను. ఇంకొకటి కూడా అడిగాను: ఒక్క నిమిషం అందరూ నిశ్శబ్దంగా ఉంటే ఒక బుడగ పగలగొడతాం అని, ఎందుకో కూడా చెప్పాను. 243 మంది. ఊపిరి కూడా వినబడలేదు. బుడగ పగిలింది. అన్న ఫోన్ చూసి వేలు పైకెత్తి, ఒకటి అని, తర్వాత రెండు వేళ్లు చూపించాడు. హాలంతా చప్పట్లు. దేనికి కొడుతున్నారో అందరికీ తెలుసు, వాళ్లు చేసిన పనికే కొడుతున్నారు.

మొదటి రెండు నిమిషాలు చూపులు అటూ ఇటూ పరిగెత్తాయి, గొంతు ఒకచోట, మనిషి ఒకచోట. ఆ తర్వాత ఎవరూ ఎడమ వైపు చూడలేదు. గొడుగు సన్నివేశంలో ఆ అబ్బాయి ఒక గొడుగు విప్పబోయి ఆగుతాడు. రిహార్సల్స్‌లో అక్కడ అయిదు సెకన్లు ఆగేవాడు. ఆ రోజు ఇంకా ఎక్కువసేపు ఆగాడు. ప్రతిలో తర్వాతి మాట కళ్లెదుట ఉన్నా ఆ అమ్మాయి చదవకుండా అతన్నే చూస్తూ నిలబడింది. అతను గొడుగు కింద పెట్టాక అప్పుడు, చాలా మెల్లగా, ‘ఇదీ మీది కాదా?’ అంది. వెనక వరసలో నిలబడ్డ నాకు ఆ మెల్లటి మాట అక్షరం అక్షరం వినబడింది.

రెండో రోజుకీ అలాగే వేశాం. మూడో రోజుకి అతని గొంతు తిరిగొచ్చింది. తనే మాట్లాడతానన్నాడు, మాట్లాడాడు, బాగుంది. ఆ అమ్మాయి తన పాత చోటికి, తెర వెనక్కి వెళ్లిపోయింది. మొదటి రెండు రోజులదే నాకు అసలు నాటకం అనిపిస్తుంది. ఈ మాట అతనికి కూడా చెప్పాను, అతనూ అదే అన్నాడు.

ఇంత జరిగాక, పరీక్షలకి నెల ముందు, గ్రంథాలయంలో ఆ మొదటి శనివారం అమ్మాయి ఎదురుగా కూర్చుంది. ఈసారి సిగ్గుపడకుండా, ఆ రోజు నీ పేరు వినబడలేదు, చెప్పవా అని అడిగాను. చెప్పింది. గురువారం రాత్రులకి ఎప్పుడైనా వచ్చావా అంటే, రెండుసార్లు వచ్చానంది. నాకు గుర్తులేదు. నోటుబుక్కులో అంకెలున్నాయి, మనుషులు లేరు. మళ్లీ ఎందుకు రాలేదని అడిగాను. ‘బాగానే ఉందక్కా. కానీ అక్కడ అందరికీ అందరూ తెలుసు. కుర్చీలన్నీ గుండ్రంగా నిండిపోయి ఉన్నాయి. ఇంకొకటి లాక్కుని వేసుకోవాలంటే ఎవరో ఒకరు జరగాలి. చెప్పేవాళ్ల మధ్యలో కుర్చీ చప్పుడు చేయాలనిపించలేదు’ అంది.

లేచి తిరగకూడదన్న నియమం నేను పెట్టిందే. వినేవాళ్ల కోసం పెట్టాను. ఆలస్యంగా వచ్చేవాళ్లకి అది గోడ అయింది. రాళ్ల అబ్బాయి వచ్చిన రాత్రి నలుగురమే ఉన్నాం కాబట్టి అతనికి చోటు దొరికింది. 23 మంది ఉన్న రాత్రి వచ్చుంటే అతనూ తలుపు దగ్గర కాసేపు నిలబడి వెళ్లిపోయేవాడే. జనం పెరిగిన కొద్దీ నేను సంతోషపడుతూ అంకెలు రాసుకున్నాను. ఇది తల్చుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

ఆ వారం నుంచి కుర్చీల వలయాన్ని తలుపు వైపు తెరిచి వేశాం. తలుపు పక్కనే రెండు కుర్చీలు ఖాళీగా ఉంచాలి, ముందొచ్చినవాళ్లెవరూ వాటిల్లో కూర్చోకూడదు. ఒకటి నిండితే ఇంకొకటి తెచ్చి వేయడం తలుపు దగ్గర్లో కూర్చున్నవాళ్ల పని. కింద చప్పుడు కాకుండా కాళ్లకి గుడ్డ ముక్కలు కట్టాం, నాటకం కంబళ్లలోంచి మిగిలినవి. ఆ అమ్మాయికి ఈ సంగతి చెప్పాను. చూస్తానంది.

చివరి గురువారం నాకు ఆఖరి పరీక్ష ఆ సాయంత్రమే. రాసేసి, గదికి వెళ్లి, కాస్త కళ్లు మూసుకుంటే ఎనిమిదీ పది అయింది. పరుగు పరుగున వెళ్లాను. కామన్ రూము తలుపు అప్పటికే తెరిచి ఉంది, గుత్తి ముందురోజే ఇచ్చేశాను కదా. లోపల కొత్త కార్యదర్శి కుర్చీలు వేయించాడు. వేణువు అక్క వీడ్కోలుగా ఏదో చెబుతోంది, రాళ్ల అబ్బాయి పియానో పక్కన నేల మీద కూర్చుని వింటున్నాడు. వలయం నిండిపోయింది. ఎవరూ నా వైపు తిరగలేదు. తలుపు పక్కన రెండు కుర్చీలున్నాయి. చప్పుడు కాకుండా ఒకదాంట్లో కూర్చున్నాను. ఇంకొకటి మిగిలింది.